కైసర్ పెట్టిన స్పీడు

జనగామ. కైసర్ లేని మొదటి ఎండాకాలం. మధ్యాహ్నం కరెంటు అప్పుడే వచ్చింది. ఇంట్లో ఉన్నది ఒకటే టేబుల్ ఫ్యాను, దాని మొహం కంప్యూటర్ వైపే.

“ఫ్యాను జర ఇటు తిప్పు మరియం. దవాఖాన నుంచి నిన్ననే వచ్చిన మనిషిని.”

“తిప్ప. విసురుతున్న గద, నా చెయ్యేమన్న ఆగిందా?”

“ఇంటాయినకు విసనకర్ర, కంప్యూటర్‌కు ఫ్యాను! గిదెక్కడి నవాబు?”

“నవ్వులాట కాదు. ‘ఫ్యాను బందైతే కాలిపోతది అమ్మీ’ అన్లేదా కైసర్? ఏం సబా, నీ ముంగటనే గద అన్నడు మీ అన్న?”

“అన్నడు అమ్మీ. కాని ఫ్యాను పెట్టినా ఆగిపోతాంది. పొద్దుగాల లగ్గం పత్రిక సగం కొట్టిన్నో లేదో, టప్పున బందైంది. అది సస్తా ప్రాసెసర్. అన్న దాన్ని పెద్ద ధరదాని స్పీడుకు ఉరికిచ్చిండు. ఈ ఎండకు తట్టుకుంటలేదు.”

“సస్తా అనకు. ‘చిన్నదని మూలకు కూసోబెట్టిండ్రు అమ్మీ, ఉరికిస్తే పెద్దదాన్ని అందుకుంటది, మన తెలంగాణ లెక్క’ అనేటోడు.”

“అందుకున్నది. ఇప్పుడు కాలేటట్లున్నది. దాని అసలు స్పీడుకు తెస్త అమ్మీ, ఫ్యాను అబ్బాకు...”

“చెయ్యి పెట్టకు దానికి!”

“మరియం, పిల్ల పని పోతది. ఉన్న ఒక్క ఆసరా...”

“మీకేం తెలుసు? ఆ గుయ్యిమనే చప్పుడు ఇంటుంటే వాడు లోపట కూసున్నట్లే ఉంటది నాకు. మొన్న అన్నం పెట్టనా అని పిలిచిన సుత.”

“పిలిచినవా?”

“పిలిచిన. ఇంకేం అడుగకుండ్రి.”

“రాస్తారోకో కాడి నుంచి వాపసొస్తుంటే వాణ్ని లారీ కొట్టింది, మరియం. గోరిల మట్టి నేనే ఇచ్చిన. ఈ చేతులతోని.”

“అబ్బా, ఊకో. ఆయాసమొస్తది నీకు.”

“రానియ్యి.”

“...ఎట్ల తగ్గిస్తవ్ సబా? వాడు తాళం పెట్టిండు గద దానికి.”

“పాస్‌వర్డ్ పెట్టిండు. ఎవ్వరికి చెప్పలే. లోపల చిన్న సెల్లుంటది అమ్మీ, చేతిగడియారం సెల్లసొంటిది. అది తీసి పెడితే అన్న పెట్టిన స్పీడు, పాస్‌వర్డ్ అన్ని పోతయి.”

“అన్ని?”

“అన్ని. తారీఖు సుత. బోర్డు తయారైన కాలానికి వెనక్కి పోతది, రెండువేల తొమ్మిది జనవరికి. అది మల్ల మనమే సరిచేసుకోవాలె.”

“జనవరా? అప్పుడు వాడు ఇంటర్ పరీక్షలకు చదువుతుండె. గీ గడప కాడనే, కాళ్లు బారచాపి. నేను దాటుకుంట తిట్టేదాన్ని.”

“గది ఉత్త తారీఖే అమ్మీ.”

“నాకు తెలువదా?”

“మరియం, ఏడ్వకు.”

“ఏడుస్తలేను. ఇద్దరు ఇనుండ్రి. సబా, సెల్లు తియ్యి. ఫ్యాను మీ అబ్బా దిక్కు తిప్పు. తారీఖు మాత్రం ఎవ్వరు సరిచేయకుండ్రి.”