మన ఒళ్ళింతే

వద్దు వదినా, ఆ పకోడీల పళ్ళెం అవతల పెట్టు. తిననంటే తినను. ముందిది చెప్పు, నువ్వు ఒక్కటైనా నోట్లో వేసుకున్నావా? వచ్చిన దగ్గర్నుంచి చూస్తన్నాను. పళ్ళెం నావైపు తోస్తావు, నువ్వు మాత్రం ఉత్త టీ తాగుతావు. అందులోనూ పంచదార లేదు. నాకు కళ్ళు లేవనుకున్నావేటి?

ఎందుకలా ముఖం పెడతావు? నిన్న సాయంత్రం దుర్గ్ స్టేషన్లో నిన్ను చూసేను. ఆఁ, మా ఆడపడుచుని రైలెక్కించడానికి వెళ్ళేనులే. ప్లాట్‌ఫారం మీద రంగు లైట్లు తిరిగే బరువు మిషను లేదూ, దాని మీద నిల్చున్నావు. పక్కన మీ వెనక వీధి కుముదిని.

ఆ మిషన్ని చూసి మనిద్దరం ఎంత నవ్వుకునేవాళ్ళం! "ఎక్కితే పాపం అది కూలబడిపోతుంది, రైల్వేవాళ్ళు మన మీద కేసు పెడతారు" అని నన్ను పక్కకి లాక్కెళ్ళేదానివి. అలాటిది నిన్న చెప్పులు విప్పి మరీ ఎక్కేవు. చేతిసంచీ కూడా ఆ అమ్మాయికిచ్చేవు. సరదాకి ఎక్కినవాళ్ళు చెప్పులు విప్పుతారా వదినా? తగ్గేనా లేదా అని కాచుకుని చూసుకునేవాళ్ళు విప్పుతారు.

నువ్వు మంచినీళ్ళకెళ్ళినప్పుడు కుముదిని నన్ను చూసి పరిగెత్తుకొచ్చింది. పాపం, దానికేటి తెలుసు! "భాభీ, లతా దీదీ ఎంత తగ్గేరో చూసేరా? మేమిద్దరం రోజూ నడుస్తాం కదా" అంది. రోజూనట! పొద్దుటి ఫ్యాక్టరీ సైరన్ మోగగానే బయల్దేరతారట. ఏడాది బట్టీ! మా గుమ్మం ముందు నుంచి కాకుండా చివరి రోడ్డు చుట్టూ తిరిగి!

ఇంకా వినేను వదినా. "నాకు ఆయాసం వస్తే దీదీ ఒకటే అంటారు భాభీ. బస్, అగ్లే ఖంభే తక్. ఆ వచ్చే కరెంటు స్తంభం దాకా చాలు, అని మనసులో అనుకోమంటారు. అక్కడికెళ్ళేక ఇంకో స్తంభం. అలా అలా ఎంత దూరమో నడిచీగలం" అంది.

మరి నాకేం చెప్పేవు?

"మన ఒళ్ళింతే సూర్యావతీ, నీళ్ళు తాగినా ఊరుతుంది." ఇదీ నాకు చెప్పింది. ఢిల్లీలో ఏషియాడ్ ఆటలు చూడ్డానికని టీవీ కొన్నాం చూడు, అప్పట్నుంచి దాని ముందు కూచుని, మిక్చరు డబ్బా నా ఒళ్ళో పెట్టి ఇదే మాట. అది ప్రేమ అనుకున్నాను! ఈ పరాయి ఊళ్ళో నాలాటిదే ఇంకొకర్తి ఉందని ఎంత ధైర్యంగా ఉండేదో నాకు! జాకెట్టు పిగిలితే అదే అనుకున్నాను, మెట్లెక్కి రొప్పితే అదే అనుకున్నాను. మన ఒళ్ళింతే, మన వల్ల కాదు. జపం చేసినట్టే. ఎలాగూ తగ్గను కదా అనీసి ఇంకో లడ్డూ తినీసేదాన్ని.

సరదాకి అన్నావా? సరే, సరదాకే అనుకుందాం. మరి మొన్న చలికాలంలో డాక్టరు నాకు సుగరొచ్చిందన్న రోజు? తిన్నగా నీ దగ్గరికే కదా వచ్చి ఏడిచేను! మా అమ్మకి సుగరుతో కాలు తీసీసేరని నీకు తెలుసు. నా కాళ్ళు కూడా అలాగే పోతాయేమో వదినా అని నీ చేతులు పట్టుకున్నాను. "డాక్టర్లు అందరికీ అదే పాట పాడతారు, బెంగెట్టుకోకు" అని కాజా నోట్లో పెట్టేవు.

అప్పటికే నువ్వు నడుస్తన్నావు. చెప్పు, నడుస్తన్నావా లేదా?

నువ్వు సన్నబడ్డావని నాకేం ఏడుపు లేదు. ఒట్టు. పనికొచ్చే మాట నీ దగ్గర ఉంచుకుని, పనికిమాలింది నాకెందుకు ఇచ్చేవు? నిన్నగాక మొన్నొచ్చిన కుముదినికి చెప్పేవే!

ఇవాళ పొద్దున్న నేనూ లేచేను. చెప్పులేసుకుని గేటు దాకా వెళ్ళేను. ఎదురుగా కనిపిస్తోంది స్తంభం. అక్కడి దాకా చాలు, అక్కడి దాకా చాలు అనుకున్నాను. అడుగు పడితేనా! లోపల్నుంచి మన వల్ల కాదే అంటోంది, అచ్చం నీ గొంతే. వెనక్కొచ్చి మంచమ్మీద కూలబడ్డాను.

ఏటన్నావు? పిలిస్తే మాత్రం వచ్చేదానివా అంటావా?

...రాను.

ఎందుకు దాచడం? మోకాళ్ళంటాను, చలంటాను, ఆయన టిఫినంటాను. నీకు తెలుసు నా సంగతి. అందుకే పిలవలేదు, అంతేనా?

అయినా పిలవాల్సింది వదినా. నేను రానన్నా సరే, గుమ్మంలో నిలబడి ఒక్కసారి పిలవాల్సింది.