నలభైకి కాస్త తక్కువ

రోడ్డు పక్కన చిన్న వాతావరణ కేంద్రం. ఉదయం పదకొండు దాటింది. రోజూ ఉష్ణోగ్రత నమోదు చేసే పెద్దాయన, పెద్దాఫీసు నుంచి వచ్చిన యువ అధికారిణి మాట్లాడుకుంటున్నారు.

"అటు కాదు మేడమ్, ఇటు కూర్చోండి. ఆ కుర్చీకి మూడు కాళ్లనే నమ్మొచ్చు."

"పర్లేదండీ. రికార్డు పుస్తకాల గురించి మాట్లాడదామని వచ్చాను."

"దానికోసం రెండు బస్సులు మారి వచ్చారా? ఫోన్ చేస్తే ఫొటోలు పంపేవాణ్ణిగా."

"పుస్తకాలు చూసేశాను. రాసినవాళ్లని చూద్దామని వచ్చాను."

"అయితే చూసేశారు. ఇంతే నేను. మంచినీళ్లు తాగండి."

"మీరిక్కడ ముప్పై ఒక్క ఏళ్లుగా పనిచేస్తున్నారు కదండీ."

"అండీ గిండీ ఎందుకు? ఊరంతా బాబాయ్ అంటారు. డిగ్రీల బాబాయ్. మా ఆవిడ ఒక్కతే అనదు."

"సరే బాబాయ్‌గారూ. మీ కేంద్రం అంటే మా ఆఫీసులో చాలా గౌరవం. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క రోజు కూడా ఖాళీ లేదు."

"మా అమ్మాయి పెళ్లిరోజున కూడా పన్నెండింటికి వచ్చి చూసి వెళ్లాను. మా వియ్యంకుడు ఇప్పటికీ దెప్పుతూనే ఉంటాడు."

"అందుకే మీలాంటి పాత కేంద్రాలు నలభై ఏరుకున్నాం. ఎండలు ఎప్పట్నుంచి పెరిగాయి, ఎంత పెరిగాయి అని వందేళ్ల లెక్క తయారుచేస్తున్నాం."

"వందేళ్లు నావల్ల ఎక్కడవుతుంది? నాకు ముందు ఇంకొకాయన ఉండేవాడు, ఆయనకి ముందు మరొకాయన."

"చూశాను. మీ ముందాయనవి ముత్యాల్లాంటి అక్షరాలు. మీవి..."

"చీమలు. తెలుసు."

"చదవగలిగాను లెండి. చదివాకే ఒక అనుమానం వచ్చింది. అడగనా?"

"కంచె రంగు గురించేనా? రంగు కోసం మూడుసార్లు ఉత్తరం రాశాను."

"రంగు కాదు."

"గడ్డి గురించా? నిన్ననే కోయించాను."

"గడ్డి కాదు బాబాయ్‌గారూ. మీ థర్మామీటర్ గెంతుతోంది."

"గెంతడమేంటి మేడమ్, కుందేలా?"

"ముప్పై తొమ్మిదిన్నర దాకా బుద్ధిగా ఒక్కో మెట్టూ ఎక్కుతుంది. ముప్పై తొమ్మిది పాయింట్ ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది మాత్రం దానికి గిట్టవు. అక్కడ కాలు పెట్టకుండా నలభై మీదకి దూకేస్తుంది. అదీ మధ్యాహ్నం పన్నెండింటి రీడింగులో మాత్రమే."

"ఎండ సంగతి మన చేతుల్లో ఉందా? దూకాలనుకుంటే దూకుతుంది."

"మూడింటి రీడింగులో దూకదు."

"మూడింటికి అలిసిపోతుందేమో."

"పక్క ఊళ్లో పన్నెండింటికి కూడా దూకదు."

"పక్క ఊరివాళ్లు ప్రతిదానికీ నెమ్మదే."

"బాబాయ్‌గారూ."

"వింటున్నానమ్మా. ఇంకాసిని నీళ్లు పొయ్యనా?"

"వద్దు. పదిహేనేళ్ల కిందట ఇక్కడొక రూలు వచ్చింది. పన్నెండింటికి నలభై ఉంటే, నాలుగింటి దాకా ఎండలో పనులు ఆపాలి, కూలి కొయ్యకూడదు అని."

"వచ్చింది. మంచి రూలు."

"రోడ్డు పనుల ఆఫీసుకి ఆ అంకె ఫోన్లో చెప్పేది మీరే."

"ఇంకెవరున్నారు? ఇక్కడ నేనూ, ఆ ఫ్యానూ."

"రూలు వచ్చిన మొదటి ఏడాది మీ థర్మామీటర్ గెంతలేదు. రెండో ఏడాది నుంచి మొదలుపెట్టింది. మధ్యలో ఏం జరిగింది?"

"అదీ..."

"చెప్పండి."

"బాబాయ్, లోపలున్నావా? ఎండ ఎంతయింది?"

"ఇంకా పన్నెండు కాలేదు మేస్త్రమ్మా. లోపలికి రా, ఎండలో నిలబడకు. మేడమ్, ఈవిడ బయట రోడ్డు వేసేవాళ్లకి మేస్త్రి. పద్దెనిమిది మంది ఈవిడ మాట వింటారు."

"పదిహేడు మంది. మా ఆయన వినడు. మేడమ్ ఎవరు బాబాయ్?"

"పెద్దాఫీసు నుంచి వచ్చారు."

"ఓహో. మేడమ్, ఎండలు ఎందుకిలా మండుతున్నాయో మీ ఆఫీసులో ఏమైనా తేలిందా? ఈయన్ని అడిగితే అంకె చెప్తాడు గానీ కారణం చెప్పడు."

"అంకె నా డ్యూటీ. కారణం వాళ్ల డ్యూటీ."

"తేలింది మేస్త్రిగారూ. కారుని అద్దాలు మూసి ఎండలో నిలబెడితే ఏమవుతుంది?"

"కూర్చోలేం. సీటు కాలిపోతుంది."

"భూమికీ అలాంటి అద్దాలే బిగిస్తున్నాం. బొగ్గు కాల్చినా, డీజిల్ కాల్చినా, పెట్రోలు కాల్చినా ఒక గ్యాసు పైకి పోతుంది. కంటికి కనపడదు, వాసన ఉండదు. ఎండని లోపలికి రానిస్తుంది గానీ వేడిని సరిగ్గా బయటికి పోనివ్వదు."

"పొగ కాసేపటికి విడిపోతుంది కదా."

"పొగ విడిపోతుంది, ఈ గ్యాసు పోదు. వందల ఏళ్లు ఉంటుంది. మా తాత లారీ తోలేవాడు. ఆయన లారీ వదిలిన గ్యాసు సగం దాకా ఇంకా పైనే ఉంది."

"అయితే ఈ ఎండలో కొంత మీ తాతదన్నమాట."

"కొంత మా తాతదే."

"తప్పు ఒప్పుకున్న ఆఫీసరుని మొదటిసారి చూస్తున్నాను బాబాయ్. మరి మేం వేసే ఈ రోడ్డు మీద తిరిగే బళ్లు?"

"అవీనూ."

"రెండు వరసల రోడ్డుని నాలుగు వరసలు చేస్తున్నాం మేడమ్. అంటే మమ్మల్ని ఉడకబెట్టే కుండకి మేమే మూత బిగిస్తున్నామా?"

"మీరొక్కరే కాదు. నేనెక్కిన బస్సు, ఈ ఫ్యాను తిరిగే కరెంటు, చెత్తకుప్పలు, ఆవుల త్రేన్పులు, అన్నిటికీ అందులో వాటా ఉంది."

"ఆవుల్నెందుకు ఇరికిస్తారు పాపం?"

"నిజమేనండీ. వాటి త్రేన్పుల్లో ఇంకో గ్యాసు ఉంటుంది. అది ఇంకా గట్టిది."

"మరి బాబాయ్ భోంచేసి త్రేన్చేది?"

"నన్ను ఇందులోకి లాగకు."

"ఇంతకీ వందేళ్లలో ఎంత పెరిగిందట మేడమ్?"

"సగటున ఒక డిగ్రీ పైచిలుకు."

"ఒక్క డిగ్రీకి ఇంత గోలా?"

"సగటు ఒక డిగ్రీ పెరిగిందంటే, ఎప్పుడో ఒకసారి వచ్చే మాడు ఎండలు మాటిమాటికీ వస్తాయని. అరుదుగా వచ్చే చుట్టం ఇంట్లోనే మకాం పెట్టినట్టు."

"అది నిజం. మా అమ్మ కూడా రోడ్డు పనే చేసేది. మధ్యాహ్నం దాకా పాటలు పాడుకుంటూ చేసేవాళ్లట. ఇప్పుడు పదింటికే నోరెండిపోతోంది, ఇంక పాటెక్కడిది? కింద నూటయాభై డిగ్రీల తారు, పైన ఈ ఎండ. మధ్యలో మేం."

"టైమయింది. పదండి మేడమ్. మేస్త్రమ్మా, నువ్విక్కడే ఉండు, థర్మామీటర్ పెట్టె దగ్గరికి రాకు."

"ఎప్పుడైనా వచ్చానా బాబాయ్? ఇక్కడే నిలబడతాను."

"ఈవేళ రీడింగు మీరు చూస్తారా మేడమ్?"

"ఇద్దరం చూద్దాం."

"కళ్లు గీతకి సమానంగా పెట్టండి. దాని మీద ఊపిరి వదలకండి. మనిషి ఊపిరికి కూడా ఎక్కుతుంది."

"తెలుసు బాబాయ్‌గారూ. నా ఉద్యోగం కూడా ఇదే."

"అలవాటమ్మా. మా వియ్యంకుడొచ్చినా ఇదే చెప్తాను. ఎంతుంది?"

"నలభై రెండు పాయింట్ మూడు."

"నాకూ అంతే. ఉండండి, ఫోన్ చేసేస్తాను... హలో, వాతావరణ కేంద్రం. నలభై రెండు పాయింట్ మూడు. ఆ, మూడే. రాసుకున్నారా? సరే. మేస్త్రమ్మా, ఆపించు."

"ఆపిస్తున్నా. నాలుగింటిదాకా కల్వర్టు నీడన ఉంటాం. మేడమ్, ఆ మూత సంగతి మీ ఆఫీసులో కాస్త గట్టిగా చెప్పండి."

"చెప్తాను. చెప్తే నమ్మాలంటే లెక్క సరిగ్గా ఉండాలి కదా."

"దానికేం, బాబాయ్ లెక్క తప్పడు. వస్తాను."

"జాగ్రత్త మేస్త్రమ్మా, తల మీద గుడ్డ తడుపుకో... వెళ్లింది. మేడమ్, ఆ తలుపు కాస్త దగ్గరకి వెయ్యండి. వడగాలి."

"వడగాలికేనా?"

"ఆవిడ వినకూడదు కూడా."

"వేశాను. చెప్పండి."

"మొదటి ఏడాది నేను ఉన్నదున్నట్టే రాశాను. ఉన్నదున్నట్టే ఫోన్లో చెప్పాను. ఒకరోజు ముప్పై తొమ్మిది పాయింట్ ఎనిమిది."

"అదే చెప్పారు."

"అదే చెప్పాను. నలభై లేదుగా, పని నడుస్తుంది అన్నారు. నడిచింది. మూడింటికి రోలరు పక్కన ఒకడు కూలిపోయాడు. దగ్గర కదా అని ఈ గదిలోకే మోసుకొచ్చారు. ఈ ఫ్యాను కిందే పడుకోబెట్టాం. ఒళ్లు ముట్టుకుంటే కాలింది. చెమట చుక్క లేదు. ఇరవై ఆరేళ్లవాడు. ఆసుపత్రి దాకా వెళ్లలేదు ప్రాణం."

"ఎవరతను?"

"మేస్త్రమ్మ తమ్ముడు."

"ఇందాక వచ్చినావిడ తమ్ముడా?"

"అప్పటికి ఆవిడ మేస్త్రి కాదు, కంకర మోసేది."

"ఆ రోజు అంకె ఎంతో ఆవిడకి తెలుసా?"

"ఎప్పుడూ అడగలేదమ్మా. రోజూ వస్తుంది, ఈ రోజు ఎంత అనే అడుగుతుంది."

"తర్వాత?"

"మరుసటి ఏడాది వేసవిలో ఒకరోజు ముప్పై తొమ్మిది పాయింట్ ఏడు. చెయ్యి నలభై అని రాసింది."

"చెయ్యి రాసిందా?"

"నేనే రాశాను. మూడు పాయింట్లు. నీడలో ఒకసారి ఈల వేసుకునేలోగా ఎక్కేంత తేడా."

"నాకు మీమీద కోపం రావడం లేదు బాబాయ్‌గారూ, అదే నా బాధ. కానీ ఒక్కటి ఆలోచించండి. ఎండలేం పెరగలేదు, వీళ్లే పెంచి రాస్తున్నారు అనడానికి కాచుకుని కూర్చున్నవాళ్లు బోలెడుమంది. మీ పుస్తకం వాళ్ల చేతిలో పడితే మీ ఒక్క కేంద్రంతో ఆగదు. నలభై కేంద్రాల లెక్కా బురదలో పడుతుంది."

"అలా అనేవాళ్లు కూడా ఉంటారా?"

"సూట్లు వేసుకుని, చల్లటి గదుల్లో కూర్చుని అంటారు."

"అది నాకు తట్టలేదమ్మా. నేను రోడ్డుకి అవతలి అంచు దాకానే చూశాను."

"ఈ కేంద్రాన్ని లెక్కలోంచి తీసెయ్యాలి. ఇంకో దారి లేదు."

"మొత్తమా? నాకు ముందువాళ్లవి కూడానా?"

"ఏది నిజమో ఏది దిద్దిందో తెలియనప్పుడు ఏం చెయ్యమంటారు?"

"ఒక్క నిమిషం. ఆ బీరువా కింది అర లాగండి. గట్టిగా. అది కూడా నాలాగే, కాస్త బతిమాలించుకుంటుంది. నీలం అట్ట పుస్తకం ఉందా?"

"ఉంది. ఏంటిది?"

"దిద్దిన ప్రతిరోజుకీ అసలు అంకె. తేదీ, మబ్బుందా లేదా, గాలి ఎటు, అన్నీ. ఆఫీసుకి అబద్ధం చెప్పగలిగాను గానీ, ఇన్నేళ్లు నన్ను పోషించిన థర్మామీటర్‌కి చెప్పలేకపోయాను."

"బాబాయ్‌గారూ... ఇది ఎవరికైనా చూపించారా?"

"మా ఆవిడకి. ఒక ఎండకి రెండు పుస్తకాలెందుకు అంది."

"ఇదుంటే మొత్తం సరిచెయ్యొచ్చు. ఒక్కరోజు కూడా వదలక్కర్లేదు. కానీ రిపోర్టులో రాయక తప్పదు. మీమీద చర్య తీసుకోవచ్చు."

"రాయండి. రిటైర్మెంటుకి ఏడు నెలలుంది. ముందే ఇంటికి పంపిస్తే బాధపడేది నేను కాదు, మా ఆవిడ. రోజంతా నన్ను భరించాలి కదా."

"నవ్వించకండి. సంతకంతో ఒక ఉత్తరం కూడా కావాలి. ఎందుకు దిద్దారో మీ మాటల్లోనే రాయండి. నేనొక్క అక్షరం కూడా తియ్యను."

"ఆ అబ్బాయి సంగతి కూడా రాయనా?"

"ముందు అదే రాయండి."

"సరే. ఈ పేజీలు చూస్తున్నారా? జాగ్రత్త, కుట్లు ఊడాయి."

"చూస్తున్నాను. మొదలుపెట్టిన ఏడాది ముప్పై నాలుగు రోజులు దిద్దారు. తర్వాత ముప్పై ఒకటి. ఇరవై ఆరు. ఇక్కడ పదిహేను... తొమ్మిది... పోయినేడాది మూడే. తగ్గించుకుంటూ వచ్చారన్నమాట."

"ఊఁ."

"ఈ ఏడాది పేజీలో పైన సంవత్సరం తప్ప ఏమీ లేదు. వేసవి మొదలై రెండు నెలలైంది, ఒక్కరోజు కూడా దిద్దలేదు. మనసొప్పక మానేశారా? ఎవరైనా పట్టుకుంటారని భయమేసిందా?"

"మానలేదమ్మా. నలభై దానంతటదే దాటేస్తోంది. అవసరం పడలేదు."