చల్లారిన ఇంజిన్ పక్కన నిలబడ్డవారు

1991 జూన్ మూడవ తేదీ సోమవారం ఉదయం మా కార్ల సర్వీసు కేంద్రంలో మెకానిక్‌గా అడుగుపెట్టి, అంచెలంచెలుగా ఎదిగి, ఈ నెలాఖరున సర్వీసు మేనేజరుగా పదవీ విరమణ చేయనున్న మా పెద్దాయన గారిని గురించి ఈ అభినందన సంచికలో నాలుగు మాటలు రాసే గౌరవం, విడిభాగాల విభాగంలో వారితో పాటు ఇన్నేళ్ళు పనిచేసిన నాకు దక్కింది. నిజం చెప్పాలంటే ఈ వ్యాసం రాయడం ఇది రెండోసారి. మొదట రాసినది తీసుకువెళ్ళి వారికి చూపించాను. ఆసాంతం చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "బాగా రాశావయ్యా. ఇందులో ఉన్న మనిషెవరో చూపిస్తే నేనూ వచ్చి చప్పట్లు కొడతాను" అన్నారు. ఆ తరువాత నవ్వకుండా, "నర్సమ్మ సంగతి రాస్తేనే సభకొస్తాను. లేకపోతే ఆ రోజు సెలవు పెట్టేస్తాను" అని తేల్చేశారు. పదవీ విరమణ రోజున సెలవు పెట్టినవారు మా సంస్థలో ఇంతవరకు లేరు. వారు అన్నంత పనీ చేసే మనిషి కనుక, సిగ్గుతో తల వంచుకునే ఈ రెండవ వ్యాసాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాను.

చేరిన తొలి రోజుల్లో వారికి దక్కిన పని షెడ్డు చివర కార్బురేటర్లు విప్పి కడగడం. చేతులకు అంటిన పెట్రోలు వాసన భోజనం దాకా వదిలేది కాదని, అన్నం ముద్దలో కూడా అదే వాసన వచ్చేదని ఇప్పటికీ చెబుతుంటారు. కొద్ది సంవత్సరాలకే ఇంజిన్ల విభాగానికి మేస్త్రిగా, ఆపైన షెడ్డు మొత్తానికి పర్యవేక్షకులుగా, అటు తరువాత ఖాతాదారులతో మాట్లాడే సర్వీసు సలహాదారుగా, చివరకు మేనేజరుగా వారు పొందిన ప్రతి పదోన్నతీ కష్టార్జితమే తప్ప, ఒకరి చెవిలో ఊది తెచ్చుకున్నది కాదు. కోపం వస్తే గొంతు పెంచడానికి బదులు తగ్గించడం వారి అలవాటు. వారి గొంతు బొత్తిగా వినిపించని రోజున మేమందరం ఎవరి పనిలో వాళ్ళం మునిగిపోయేవాళ్ళం.

పదమూడేళ్ళ క్రితం మా షెడ్డుకు ఆ చిన్న టర్బో పెట్రోలు ఇంజిన్ వచ్చింది. పరిమాణం పన్నెండు వందల సీసీ మాత్రమే. నాలుగు సిలిండర్లు, పెట్రోలును నేరుగా సిలిండరు లోపలికే చిమ్మే ఏర్పాటు, బయటకు పోయే వేడి పొగతోనే గిర్రున తిరిగి గాలిని అదిమి లోపలికి పంపే టర్బో, నూరు గుర్రాలకు మించిన శక్తి. అంతకు ముందు పెద్ద ఇంజిన్ చేసే పనిని ఈ పిట్ట చేస్తుంటే మేమంతా మురిసిపోయాం. దానితో వచ్చిన జబ్బులు తరువాత తెలిశాయి. వాల్వుల వెనక మసి పేరుకోవడం, టర్బోలో అదనపు ఒత్తిడిని వదిలే చిన్న తలుపు బిగుసుకుపోవడం, నీటి పంపు దగ్గర కారడం, నిప్పురవ్వ పుట్టించే కాయిల్సు పోయి బండి కుంటుతూ నడవడం, కొన్నింటికి ఆయిలు తాగే దురలవాటు. వీటన్నిటినీ మించినది టైమింగ్ చైను. పిస్టన్లనూ వాల్వులనూ ఒక లయలో నడిపించే ఈ గొలుసును బిగువుగా పట్టి ఉంచేది ఆయిలు ఒత్తిడి. రాత్రంతా నిలిచి చల్లారిన బండిని ఉదయం స్టార్టు చేసినప్పుడు ఆ ఒత్తిడి అందేలోగా గొలుసు వదులుగా కొట్టుకుని గరగరమంటుంది. గొలుసు సాగిపోయిన కొద్దీ ఆ మోత పెరుగుతుంది. సాగి సాగి ఒకనాడు చక్రాల పళ్ళ మీద నుంచి జారిందంటే వాల్వులు పోయి పిస్టన్లకు తగులుతాయి, ఇంజిన్ కథ అక్కడితో ముగుస్తుంది.

కంపెనీ వారి శిక్షణలో ఈ మోత కొంతవరకు సహజమేనని చెప్పిన మాట వాస్తవం. ఎంతవరకు అన్నది మాలో ఎవరమూ అడగలేదు. అడగకపోగా, ఆ మోతతో వచ్చిన ప్రతివారికీ చెప్పడానికి మా పెద్దాయన గారు ఒక చక్కని వాక్యం తయారుచేశారు: "ఈ ఇంజిన్‌కి అది మామూలేనండీ." నెల తిరగకుండానే ఆ వాక్యం షెడ్డు అంతటికీ నోటికొచ్చేసింది.

ఇళ్ళకు వెళ్ళి రోగులకు ఇంజెక్షన్లు ఇచ్చే, కట్లు మార్చే ఒక నర్సు గారి దగ్గర, అంటే పెద్దాయన గారు చెప్పిన ఆ నర్సమ్మ దగ్గర, ఆ ఇంజిన్ ఉన్న కారు ఉండేది. "పొద్దున్నే స్టార్ట్ చేస్తే డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంటోంది సార్" అంటూ ఆమె మా కౌంటరుకు వచ్చారు. పెద్దాయన గారు వెంటనే బయటకు వెళ్ళి, బానెట్ ఎత్తి, స్టార్టు చేసి విన్నారు. ఏ మోతా లేదు. ఎందుకుంటుంది? ఆమె ఊరి ఆ చివర నుంచి నడుపుకుంటూ వచ్చారు, ఇంజిన్ సలసల కాగుతోంది. చల్లారిన ఇంజిన్ చేసే చప్పుడును వేడెక్కిన ఇంజిన్‌లో వెతికి, లేదని తేల్చడం మా షెడ్డులో ఏళ్ళ తరబడి సాగిన పొరపాటు. ఆమె మళ్ళీ వచ్చారు, మళ్ళీ అదే జరిగింది. ఆ తరువాత వచ్చినప్పుడు పెద్దాయన గారు బానెట్ కూడా ఎత్తకుండా కౌంటరు దగ్గరి నుంచే మామూలేనన్నారు. ఆమె వెళ్ళిన తరువాత మేం కాస్త నవ్వుకున్నాం కూడాను.

ఆ వానాకాలంలో ఒక ఉదయం వంతెన మీద ఆ గొలుసు జారిపోయింది. కారును అక్కడే వదిలి, మందుల సంచి నెత్తిన పెట్టుకుని ఆమె నడిచి వెళ్ళేసరికి, ఇంజెక్షన్ కోసం ఎదురుచూస్తున్న ముసలాయన స్పృహ తప్పి ఉన్నాడు. ఆసుపత్రి పాలై ఎలాగో కోలుకున్నాడు. కారును లాక్కొచ్చిన బండి వెనకాలే, తడిసిన చెప్పులతో ఆమె మా కౌంటరు ముందుకు వచ్చి నిలబడ్డారు. ఆమె కేకలు వేసి ఉంటే మాకు సులువుగా ఉండేది. "మామూలేనన్నారు కదా సార్" అని మాత్రం అన్నారు.

ఇంజిన్‌ను సంస్థే బాగుచేసి ఇచ్చింది. కాని ఆమె బండి తీసుకోవడానికి వచ్చిన రోజున పెద్దాయన గారు, మూడు దశాబ్దాల సేవలో మొదటిసారీ చివరిసారీ, ఖాతాదారుకు ముఖం చాటేశారు. తాళాలు నా చేతిలో పెట్టి, "నువ్వివ్వవయ్యా, నావల్ల కాదు" అని కార్లు కడిగే చోటుకు వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడ్డారు. క్షమించమన్న మాట ఆనాడు గొంతు దాటలేదు. ఆ తరువాత ఎన్నిసార్లు ఫోను చేతిలోకి తీసుకుని పెట్టేశారో వారి శ్రీమతి గారికి తెలుసు. మొన్న ఇంటికి వెళ్ళినప్పుడు ఆ వదినగారే చెప్పారు: "మీ అన్నగారి సంగతి ఏం చెప్పమంటారు. మిక్సీ మోగినా, ఫ్రిజ్ మోగినా వచ్చి నిలబడతారు. పొద్దున్నే వేసినప్పుడు కూడా ఇలాగే మోగిందా అని అడుగుతారు. నా మోకాలు నొప్పంటే మాత్రం అప్పుడే డాక్టరు దగ్గరికి పదమంటారు. ఇంతకు ముందు అట్లా ఉండేవారు కాదు."

ఆ సంఘటన తరువాత వారు ఒక పద్ధతి పెట్టారు. మోత అని తమ దగ్గరికి ఎవరు వచ్చినా కారును రాత్రికి షెడ్డులోనే ఉంచమంటారు. తెల్లవారుతూనే, వాచ్‌మన్ గేటు తాళం తీసే వేళకు తాము వచ్చి, చల్లారిన ఇంజిన్ పక్కన నిలబడి, తామే స్టార్టు చేసి వింటారు. చలికాలంలో మఫ్లరును చెవుల మీది నుంచి తీసేసి మరీ వింటారు. ఆ విధంగా ఎన్ని గొలుసులు జారకముందే మారాయో, ఎంతమంది వంతెనల మీద ఆగిపోకుండా ఇంటికి చేరారో లెక్క కట్టడం ఎవరి తరమూ కాదు. ఈ రాక వెనక ఏముందో ఆలోచించని మేము వారికి "తొలికోడి గారు" అని పేరు పెట్టుకున్నాం. సంస్థ వారు ఇంకో అడుగు ముందుకు వేసి సమయపాలనకు గాను ఉత్తమ ఉద్యోగి జ్ఞాపిక ఇచ్చారు. ఆ జ్ఞాపికను నా మొదటి వ్యాసంలో ఒక పేరా నిండా పొగిడాను. "అది తీసెయ్యవయ్యా" అన్నారు. "నేను పెందలాడే వచ్చింది సమయపాలనకి కాదు. సిగ్గుకి."

ఈ వ్యాసానికి ఇంతటితో స్వస్తి పలికి ఉంటే బాగుండేది. కాని కిందటి వారం వారి గదిలో కూర్చుని ఈ విషయాలే మాట్లాడుతుండగా, బయట కౌంటరు దగ్గర ఎవరో పెద్దమనిషి ఉదయపు మోత గురించి చెప్పడం, కొత్తగా చేరిన సలహాదారు అమ్మాయి ఎంతో మర్యాదగా, "ఈ ఇంజిన్‌కి అది మామూలేనండీ" అనడం మా ఇద్దరికీ వినిపించింది. వారి పద్ధతి ఇన్నేళ్ళుగా ఉదయం పూట షెడ్డులో నడుస్తోంది, వారి వాక్యం పగటిపూట కౌంటరులో నడుస్తూనే ఉంది. నాకు ఒళ్ళు మండి లేవబోయాను. వారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. "ఆ పిల్లని ఏమీ అనకు. ఆ మాట ఆమెకి నేర్పినవాడికి నేర్పింది నేనే" అని, తామే లేచి వెళ్ళి ఆ పెద్దమనిషిని కారు రాత్రికి ఉంచమని బతిమాలారు. తిరిగి వచ్చి కుర్చీలో కూలబడి, "నర్సమ్మని సభకి పిలువు. ఈసారి గోడ వైపు తిరగను" అన్నారు.

పిలవడానికి నేనే వెళ్ళాను. ఇంటి ముందు అదే కారు ఉంది. సంగతంతా విన్నారు. "మీ దగ్గర ఇంకా ఆ మాట అంటున్నారా సార్?" అని అడిగారు. నేల చూపులు చూశాను. ఆమెకు అర్థమైంది. "మేం మాత్రం తక్కువ తిన్నామా. ముసలివాళ్ళు ఏ నొప్పి చెప్పినా, ఈ వయసుకి మామూలే అనేదాన్ని. మీ కౌంటర్ దగ్గర ఆ మాట నాకు తగిలాక మానేశాను" అన్నారు. నేను బయలుదేరుతుంటే గుమ్మం దాకా వచ్చి, "సభ ముందు రోజు సాయంత్రం బండి తెచ్చి మీ షెడ్డులో పెడతాను. పొద్దున్నే ఆయన్నే స్టార్ట్ చెయ్యమనండి. పక్కన నేనూ నిలబడి వింటాను" అన్నారు.

కనుక ఈ సంచిక మీ చేతికి అందే నాటి ఉదయానికి, మా పెద్దాయన గారు తమ ఉద్యోగ జీవితంలోని ఆఖరి చల్లని ఇంజిన్‌ను స్టార్టు చేసి ఉంటారు. ఏళ్ళుగా గొంతులో ఉండిపోయిన మాటను అక్కడే చెప్పి ఉంటారని మా అందరి నమ్మకం. వారి వాక్యాన్ని మా కౌంటరు నుంచి తొలగించే బాధ్యత ఇకపై మాది. వారికి, వారి శ్రీమతి గారికి, కుటుంబ సభ్యులందరికీ సంపూర్ణ ఆరోగ్యంతో కూడిన దీర్ఘాయువు కలగాలని మనసారా కోరుకుంటున్నాను. ఏ ఉదయమైనా నిద్ర లేచేసరికి వారికి ఎక్కడైనా ఓ చిన్న నొప్పి అనిపిస్తే, ఈ వయసుకు అది మామూలేనని అనకుండా, పక్కన కూర్చుని చివరిదాకా వినేవారు వారికి దొరకాలి.