తాటాకు అందించిన చేతికి ఎర్రటోపీ

“తాతయ్యా, ఉన్న పోలీసు ఉద్యోగం వదులుకుని మిలిటరీ పోలీసులోకి ఎందుకెళ్లేవు?” అనేగా నువ్వడిగింది? అడిగేవు కదా, ఇంకేం. ఇలా దగ్గరకి రా సువర్ణా. ఆ ముక్కాలిపీట లాక్కో. మీరూ రండమ్మా, ప్రార్థన అయిపోయింది కదా అని అప్పుడే చెప్పులు వెతుక్కోకండి, టీ ఇంకా మరగలేదు. అరుగంతా ఖాళీయే, ముందుకి జరగండి. డెబ్భై దాటిన గొంతు, గేటు దాకా వినపడదు. ఆయ్, అదిగో, అలాగ.

ఈ పిల్ల మా మనవరాలండీ, మీకు తెలీనిదేముంది. ఏడాది నుంచి కానిస్టేబులుగా చేస్తోంది. ఇప్పుడు మిలిటరీ పోలీసులో ఆడపిల్లల్నీ తీసుకుంటున్నారు కదా. పరీక్ష రాసింది, పరుగెత్తింది, దేవుడి దయవల్ల కాగితం వచ్చింది. రేపు పొద్దున్నే బెంగుళూరు ప్రయాణం. వాళ్లమ్మేమో వారం నుంచి, “చేతిలో ఉన్న ఉద్యోగం ఎవరైనా వదులుకుంటారా” అని... ఏమ్మా కోడలా, అన్నావా లేదా? నవ్వుతోంది చూడండి. తప్పేం లేదమ్మా. మా అమ్మా అదే అంది.

మా అమ్మంటే ఊడ్పులకీ కోతలకీ వెళ్లిన మనిషి. మా నాన్నా అంతే. మా పేటలో మొట్టమొదట ఖాకీ బట్టలు తొడిగింది నేను. ఇరవై ఏళ్లు కూడా నిండలేదు, కాదు కాదు, నిండి రెండు నెలలైంది. నాకు పోలీసు ఉద్యోగం రావాలని మా అమ్మ ఎన్ని శుక్రవారాలు ఉపవాసం ఉందో ఆవిడకే లెక్కలేదు. వచ్చేక, నేను సైకిలు మీద వస్తుంటే ఎవరి పొలంలో ఉన్నా నడుం ఎత్తి నుంచునేది. “మా వోడండీ” అనేది. అవతలవాళ్లు అడక్కపోయినా సరే.

ఇదెందుకు చెప్పేనంటే, నేను వదిలింది చిన్న ఉద్యోగం కాదు. ఆవిడ నడుం ఎత్తి నుంచున్న ఉద్యోగం.

సరే, ఎక్కడున్నాం? ఆఁ, స్టేషను. ఏ స్టేషనో చెప్పను. అక్కడి హెడ్ కానిస్టేబులు, అదే మా హెడ్డుగారి పిల్లలు ఇంకా ఇటే ఉన్నారు, మంచివాళ్లు. ఆయన కూడా చెడ్డవాడు కాదమ్మా, భయస్థుడు. ఓ రోజు పొద్దున్నే పిలిచి, “ఒరేయ్, పటాలం నుంచి కాగితం వచ్చింది. ఏటి మధ్య లంకలో ఓ సిపాయి ఉన్నాడు. సెలవైపోయి నెల దాటినా తిరిగెళ్లలేదు. మిలిటరీ పోలీసు హవల్దారు వచ్చి కూర్చున్నాడు, సాయంత్రం రైలుకి తీసుకుపోతాడంట. మధ్యాన్నం పడవకి తెచ్చి అప్పగించు” అన్నాడు. చేతిలో బేడీలు పెట్టేడు.

పడవెక్కేను. అప్పట్లో పడవకి పది పైసలు. పోలీసోళ్ల దగ్గర తీసుకునేవారు కాదు. నేనిస్తే పడవాయన నావైపు అదోలా చూసేడు, “కొత్తా బాబూ?” అని. ఆయ్, కొత్తేనండీ అన్నాను.

లంకలో దిగేసరికి ఏం చూసేనో తెలుసా? అంతకు ముందొచ్చిన వరదకి ఊరు ఊరంతా బురద. ఆ సిపాయి ఇల్లు పూర్తిగా పడిపోయింది. కొత్త గుంజలు పాతి, వాసాలు వేసి, ఓ వైపు తాటాకు కప్పేడు. రెండో వైపు కప్పుతున్నాడు, ఒక్కడే. పైకెక్కి నాలుగాకులు పరవడం, దిగడం, మళ్లీ నాలుగాకులు మోసుకుని ఎక్కడం. కింద వాళ్లమ్మ, చూపు సరిగా ఆనదు, గోనెసంచి మీద కూర్చునుంది. ఇంకెవరూ లేరు. సెలవు పొడిగించమని ఉత్తరం రాసేడంట, జవాబు రాలేదు. రాలేదు కదాని ఉండిపోయేడు. అది తప్పే. తప్పు కాదని నేననను.

నన్ను చూసేడు. ఖాకీ చూసేడు, బేడీలు చూసేడు. దిగొచ్చి రెండు చేతులూ చాపేడు. “రండి వెళ్దాం” అన్నాడు.

వాళ్లమ్మ నావైపు... నావైపు కూడా కాదు, గొంతు వినపడ్డ వైపు తిరిగి, “బాబూ, ఒక్క వైపు మిగిలిపోయింది” అంది. అంతే. వదిలెయ్యమనలేదు, ఏడవలేదు. పడమటేపు మబ్బు పట్టి ఉంది.

నాకు ఇప్పటికీ తెలీదమ్మా, నేను ఆలోచించేనో లేదో. చొక్కా విప్పేను. గుంజకి తగిలించేను. బేడీలు కూడా దానికే తగిలించేను. “ఎక్కండి, నేను ఆకందిస్తాను” అన్నాను.

మీరు నవ్వుతున్నారు గానీ ఆలోచించండి. అతను ఇంటి కప్పు మీద. ఇంటి వెనకాల ఏరు. లంకలో పుట్టినవాడు, అటు దూకితే చేపే. వాడు దూకితే నా ఉద్యోగం ఊడిపోతుంది, మా అమ్మ నడుం మళ్లీ వంగిపోతుంది. ఆకందిస్తున్నంతసేపూ, “ప్రభువా, దూకనియ్యకు” అనే ప్రార్థన. మరో మాట రాలేదు. మట్టలకి రంపప్పళ్లుంటాయి చూడు, అరచేతులు రెండూ గీరుకుపోయినా తెలీలేదు.

అతను దూకలేదు. కప్పు పూర్తయింది. వాళ్లమ్మ గంజన్నం పెట్టింది, తినకుండా కదలనివ్వలేదు. మన వైపు సంగతి తెలిసిందే కదా, దొంగొచ్చినా భోంచేసి వెళ్లమంటాం. తిని రేవుకొచ్చేసరికి పడవ అవతలి ఒడ్డున ఉంది. మళ్లీ వచ్చేది పొద్దువాలేక.

ఇక్కడొక మాట. ఆ రేవుకి ఇద్దరం పక్కపక్కన నడిచేం. బేడీలు నా సంచిలో ఉన్నాయి. చూసినవాళ్లు ఏ పెళ్లికో వెళ్తున్నారనుకుని ఉంటారు.

పోలీసు స్టేషనుకి చేరేసరికి రైలు వెళ్లిపోయింది. బల్ల దగ్గర ఆ హవల్దారు. మిలిటరీ పోలీసోళ్లు పెట్టుకునే ఎర్రటోపీ, తెల్ల బెల్టు, ఎండాకాలం ఏరులాగ నిమ్మళంగా ఉన్నాడు. చిత్తూరు వైపు మనిషి, తెలుగొచ్చు. మేం ఆలస్యం అవుతున్నకొద్దీ హెడ్డుగారు భయపడి ఆయనతో చెప్పేసేడంట, “సిపాయి పారిపోయుంటాడండీ, మావాడు తరుముతున్నాడు” అని. స్టేషను డైరీలో కూడా అదే రాసి ఉంచేడు. ‘పారిపోవుచుండగా వెంటాడి పట్టుకొనడమైనది.’ కింద నా సంతకానికి జాగా.

హెడ్డుగారు పెన్ను నా చేతికిచ్చి, చెవిలో, “సంతకం పెట్టరా, నీకు మెచ్చుకోలు కూడా వస్తుంది. లేదంటే ఖైదీని వదిలేసి ఇల్లు కప్పేనని రాసుకుంటావా?” అన్నాడు.

నువ్వు కానిస్టేబులివి కదా, నీకు అర్థమవుతుంది. సెలవు మీరినవాడు వేరు, పోలీసుల నుంచి పారిపోయినవాడు వేరు. మొదటివాడికి కొన్నాళ్ల శిక్ష. రెండోవాడికి జైలు, పైగా పటాలంలో పేరే ఉండదు. సంతకం పెడితే నేను మొనగాణ్ణి, అతను మట్టి. పెట్టకపోతే అతను బతుకుతాడు, నా సంగతి దేవుడికెరుక.

హవల్దారు తలెత్తి అడిగేడు. “పారిపోయేడా?”

బల్ల కింద హెడ్డుగారు నా కాలు తొక్కుతున్నాడు, బూటుతో.

“లేదండీ” అన్నాను. “ఇంటిమీద ఉన్నాడండీ. కింద నుంచి నేను ఆకందించేనండీ. పడవ పోయింది నా వల్లండీ.”

ఆయన లేచేడు. నా అరచేతులు చూపించమన్నాడు. చూసేడు. తర్వాత ఆ సిపాయి చేతులు చూసేడు. ఇద్దరివీ ఒకే గీతలు. డైరీలో ఆ వాక్యం కొట్టించి, జరిగింది జరిగినట్టు రాయించేడు. అప్పుడు సిపాయి వైపు తిరిగి, “అన్నం తిన్నావా? గడ్డం గీసుకో. రేపు నాతో సిపాయిలాగే రావాలి, దొంగలాగ కాదు” అన్నాడు. చొక్కా కాలరు తన చేత్తోనే సరిచేసేడు. అరెస్టు చేసి తీసుకెళ్లేవాడు కాలరు సరిచెయ్యడం అప్పటిదాకా నేను చూళ్లేదమ్మా. అక్కడే నా మనసు అటు వెళ్లిపోయింది.

మర్నాడు వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి, “నీ వయసెంత?” అన్నాడు. ఇరవయ్యండీ అన్నాను. “కాకినాడలో మా మిలిటరీ పోలీసుకి భర్తీ పెడుతున్నారు. ఇక్కడ నీకు ఎలాగూ చీవాట్లే. అక్కడైతే పనికొస్తావు.”

చీవాట్లతో పోలేదు, సస్పెండు చేసేరు. తర్వాత తిరిగి తీసుకున్నారు, నిజమే. తీసుకున్నాకే రాజీనామా ఇచ్చేను. తరిమేస్తే పోయేడన్న మాట మా అమ్మ పడకూడదు కదా.

మా అమ్మ మూడ్రోజులు నాకు కంచం పెట్టి పెరట్లోకి వెళ్లిపోయేది. నాలుగో రోజు, “ఒరేయ్, నిన్ను పోలీసు చెయ్యమని అన్ని ఉపవాసాలున్నానే, ఇప్పుడు ఏ మొహంతో దేవుడి ముందు మోకరించను? ఏం చెప్పను?” అంది.

“మావోడు టోపీ మార్చేడని చెప్పమ్మా” అన్నాను.

నవ్వేసింది. నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

ట్రైనింగులో పడ్డ పాట్లు మరో రోజు. మొదటి వారం, డ్రిల్లు నేర్పే ఉస్తాదు ఏదో గట్టిగా అరిస్తే, ‘ఎస్ సార్’ అనాల్సింది పోయి అలవాటు కొద్దీ మన వైపు అన్నట్టు “ఆయ్” అన్నాను. గ్రౌండు చుట్టూ ఎన్ని సార్లు తిప్పేడో! కానీ తిరిగి సెలవుకొచ్చినప్పుడు, ఆదివారం ఆరాధనకి మా అమ్మ నా చెయ్యి పట్టుకుని ముందు వరసలోకి లాక్కెళ్లింది. ఎప్పుడూ వెనక గోడ దగ్గర కూర్చునే మనిషి. నా ఎర్రటోపీ తీసి బల్లమీద పెట్టి, పాస్టరుగారితో, “దీనికి ప్రార్థన చెయ్యండయ్యగారూ” అంది. ఆయన చేసేరు. టోపీకి ప్రార్థన! నేను సుబేదారునై రిటైరయ్యేను, భుజం మీద ఎన్నో పట్టీలూ చుక్కలూ వచ్చేయి గానీ, ఆ ఆదివారం ముందు అవేమీ కాదు.

నా సర్వీసులో సెలవు మీరినవాళ్లని ఎంతమందిని తీసుకొచ్చేనో. ఒక్కడు కూడా నా ముందు నడవలేదు, వెనకా నడవలేదు. పక్కనే.

ఏంటి? ఆ సిపాయి ఏమయ్యేడా? ఇన్నాళ్లూ ఈ ముచ్చట నీకెందుకు చెప్పలేదంటే, ఇది నా ఒక్కడిదీ కాదు. ఆయన తప్పు కూడా ఇందులో ఉంది కదా, ఆయన చెప్పమనకుండా చెప్పకూడదు. ఇవాళ ప్రార్థనకొస్తూ గేటు దగ్గర ఆయనే అన్నాడు, “పిల్ల వెళ్తోంది కదండీ, చెప్పెయ్యండి” అని.

వెనక్కి తిరిగి చూడు తల్లీ. అరటిగెలలు తెచ్చే మీ సత్యం తాత. శిక్ష పడింది, పూర్తి చేసేడు, పటాలంలో నాయక్ ర్యాంకు దాకా ఎదిగి మరీ వచ్చేడు. ఏమండీ సత్యంగారూ, చెయ్యి చూపించండి. అదిగో, బొటనవేలు కింద గీత. నాది ఇదిగో.

కళ్లు తుడుచుకో. సువర్ణా, నా చేతులు రెండూ పట్టుకో. రేపు నువ్వెళ్లేది పెద్ద చోటు, అక్కడ నా సలహాలన్నీ ఎందుకు, నీకే తెలుస్తాయి. ఇదొక్కటే పట్టుకెళ్లు. పరుగెత్తనివాణ్ణి పరుగెత్తేడని రాయకు. ఎవరు కాలు తొక్కినా సరే. నీకిందికొచ్చే పిల్లలకి ఈ తాటాకు సంగతి చెప్పు, వాళ్లని మళ్లీ చెప్పమను. మీరూనమ్మా, ఇంటికెళ్లి పిల్లలకి చెప్పండి, నా పేరక్కర్లేదు, ఆకు సంగతి చాలు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ, నీ టోపీ మీద ఆయన చెయ్యి ఉండాలి.

ఏదీ, నాతోపాటు ఓసారి అను. పరుగెత్తనివాణ్ణి...

ఆయ్ అంటావేంటే! అక్కడ అనకు, గ్రౌండు చుట్టూ తిప్పుతారు.