శెనగచేలో పడిన బంతి

ఆళ్లగడ్డ దగ్గర, తన బీడు పొలంలో గుంతలు తవ్వుకుని గోల్ఫ్ ఆడుకునే రిటైర్డ్ హవల్దారు కొట్టిన బంతి తమ్ముడి శెనగచేలో పడింది. తమ్ముడు గట్టు మీదే ఉన్నాడు.

"గట్టు దాటితే కాళ్లు ఇరగ్గొడతా."

"మొదటి రెండు గుంతలు చెడినా, తర్వాత నాలుగూ బాగా పడినాయిరా. బంతి పడిన చోట్నుంచే కొట్టాల. ఒక్క దెబ్బే."

"కొట్టు. ఒక్క చెట్టు ఇరిగినా టేషన్లో మాట్లాడుకుందాం."

అన్న చేలోకి దిగి కర్ర ఎత్తాడు. మొక్కలు పూత మీదున్నాయి. కర్ర దించి, బంతిని చేత్తో తీసుకున్నాడు.

"ఏందీ, భయపడితివా?"

"పూత రాలిపోతాదిరా. బంతి చేత్తో తీస్తే ఈపొద్దు ఆట ఓడిపోయినట్టే, పోనీలే."

"బోరుండే పొలం నువ్వు రాయించుకుని బీడు పెడితివి. రెండేండ్లు నా చేను నీళ్లు లేక ఎండిపాయ. ఈ కనికరం పంపకాలనాడు యాడికి పాయ?"