మధ్యలో ఏడు గంటలు

"తొమ్మిదిన్నర గంటల ప్రయాణానికి పద్దెనిమిది గంటలెందుకు పట్టాలి? అదొక్కటి చెప్పు చాలు."

బస్ డిపోలో టైమ్‌కీపర్ అయిన బావగారు డ్యూటీ మధ్యలో యూనిఫాంతోనే వచ్చి, విమానం టికెట్లమ్మే మరదలి కౌంటర్ ముందు తిష్ఠ వేశాడు. భార్య విదేశంలో ఇరవై రోజుల ట్రైనింగు ముగించుకుని ఇంటికి వస్తోంది. ఆ టికెట్టు తీసింది ఈ మరదలే.

"మధ్యలో దిగి విమానం మారాలి బావగారూ. అక్కడ ఏడు గంటలు ఆగాలి."

"అదే, ఎందుకు దిగాలంటున్నాను. తిన్నగా వచ్చేది ఉందిగా!"

"దాంట్లో సీట్లు లేవు."

"లేవూ? నిన్న ఫోన్లో చూశాను. ఇరవై రెండు ఖాళీ."

"అది... మేం తీసేటప్పుడు లేవు."

"చిన్నీ, అబద్ధమాడే డ్రైవర్ కళ్ళు ఎటు తిరుగుతాయో నాకు బాగా తెలుసు. ఇటు చూడు."

"చూశాను. మెల్లిగా మాట్లాడండి, వెనక క్యూలో జనం ఉన్నారు."

"ఉండనీ. రెండు ఊళ్ళకీ మధ్య ఏడువేల ఎనిమిదొందల కిలోమీటర్లు. మీ అక్క వచ్చే దారి తొమ్మిదివేలు. దారిలో లేని ఊరికి చుట్టు తిరిగి పోతారా ఎవరైనా?"

"అంతసేపు ఒకేచోట కూర్చుంటే అక్కకి కాళ్ళు వాస్తాయి."

"వెళ్ళేటప్పుడు వాయలేదే?"

"ఏమో, నాకేం తెలుసు!"

"సరే. గళ్ళచొక్కా ఏ విమానంలో వస్తున్నాడు?"

"గళ్ళచొక్కా ఎవరు?"

"ఎవరేమిటి! ట్రైనింగు ఫోటోలన్నిట్లో మీ అక్క పక్కనే పళ్ళికిలించుకుని నిలబడ్డాడే, వాడు."

"ఆయనా? ఇంకా అక్కడే ఉన్నాడు. రేపు వాళ్ళావిడతో కలిసి తిన్నగా వస్తున్నాడు."

"వాళ్ళావిడతోనా?"

"అవును. హమ్మయ్య అనుకుని ఇక డ్యూటీకి వెళ్ళండి."

"అయితే ఆ మధ్య ఊళ్ళో ఇంకెవడో ఉన్నాడన్నమాట!"

"బావగారూ!"

"లేకపోతే ఫోన్ ఎందుకు కట్టేస్తుంది? అక్కడ దిగి రెండు గంటలైంది. పదకొండుసార్లు చేశాను."

"పదకొండుసార్లా?"

"కుళ్ళే, ఒప్పుకుంటాను. నా పెళ్ళాం మీద నేను కుళ్ళుకోకపోతే ఊరివాళ్ళు కుళ్ళుకుంటారా? వాడెవడో చెప్పు. ఏమీ అననులే."

"ఎవరూ లేరు. ఒట్టు."

"మరి ఆ టికెట్టు నువ్వు అంటగట్టావా, తనే అడిగిందా?"

"వదిలేయండి బావగారూ."

"వదలను. ఎవరడిగారు?"

"వదిలేయమంటున్నాగా. వింటే మీకే బాధ."

"ఇప్పుడేం సుఖంగా ఉన్నానా? చెప్పు!"

"అక్కే అడిగింది. కూరలకి పోయి పది నిమిషాలు ఆలస్యమైతే ఇంట్లో పది ప్రశ్నలట. ఎక్కడున్నావని ఎవరూ అడగనిచోట, కుర్చీలో ఒక్కతే ఊరికే కూర్చోవాలని ఉందంది. ఏడు గంటలు ఆగేది చూపించాను. చూసి, ఇంతకన్నా ఎక్కువసేపు ఆగేది లేదా అనడిగింది."