ఏ కాలు ముందు జారింది?

ఎముకల డాక్టరు గది బయట, కుడిచేతికి కట్టుతో కూర్చున్న లాయరమ్మ పక్కన ఒకాయన నడుం పట్టుకుని కూలబడ్డాడు. పోయినేడు బీమా కంపెనీ తరఫున ఆయన్ని కోర్టులో ఉతికి ఆరేసింది ఆవిడే.

"గుర్తుపట్టారా మేడం? నాది దొంగనొప్పని తేల్చారు."

"గుర్తుంది. నడుం ఎలా ఉంది?"

"ఆ దొంగనొప్పి ఇప్పటికీ వంగి చెప్పులు తొడుక్కోనివ్వదండీ. తమరి చెయ్యి?"

"బట్టల షాపులో తడి మెట్ల మీద జారిపడ్డాను. వాళ్ల బీమా కంపెనీ నేను నాటకాలాడుతున్నానంటోంది. కేసు వేస్తున్నా."

"మంచిపని. ఏ రోజు పడ్డారు?"

"మంగళవారం. కాదు, బుధవారం."

"ఏ కాలు ముందు జారింది?"

"ఎడమది. కుడిదేమో. ఎముక విరిగి ప్రాణం పోతుంటే ఏ కాలో ఎవరు చూసుకుంటారయ్యా?"

"నేనూ కోర్టులో అచ్చం అదే అన్నాను మేడం."

ఆ రోజు ఆ మాటకి అందరికంటే ముందు పక్కున నవ్వింది లాయరమ్మే.

"ఏం బెంగపెట్టుకోకండి. మీ నొప్పి నిజమేనని సాక్ష్యం నేను చెబుతా."

"నీ మాట ఎవరు నమ్ముతారు?"

"ఎందుకు నమ్మరండీ? దొంగనొప్పుల్లో నన్ను మించినవాడు లేడని తమరే కదా జడ్జిగారి చేత రాయించారు."